ఇంటి ఖర్చు – అంతర్జాలము

ఒక రాజ్యము యొక్క చరిత్రను తెలిసికొనుటకు శాసనములు, నాణెములు ఎట్లు ఉపయోగపడునో, ఒక కుటుంబము యొక్క స్థితిగతులను తెలిసికొనుటకు ఆ ఇంటి జమాఖర్చుల పుస్తకము అట్లే ఉపయోగపడుతుంది. ఏ వస్తువుకు ఎంత వెచ్చించినారు, ఆ సొమ్ము ఎచ్చటి నుండి వచ్చినది, ఎవరి మాటపై ఆ ఖర్చు జరిగినది అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరికిన చాలును. ఆ ఇంటి కోరికలు, భయములు, కష్టసుఖములు అన్నియు తెలిసినట్లే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, హిసాబు, దుకాణము, బజారు – ఈ మాటలు అరబ్బీ, ఫారసీ భాషల నుండి ఉర్దూ మూలమున తెలుగులోనికి వచ్చి మన తెలంగాణలో ప్రతి ఇంటను పలుకబడుతున్నవి. ఉర్దూ మాట్లాడు వారికైనను, తెలుగు మాట్లాడు వారికైనను లెక్క ఒక్కటే. లెక్క తప్పినప్పుడు కలుగు బాధ కూడ ఒక్కటే.

గత పది సంవత్సరములలో ఈ లెక్కలోనికి ఒక క్రొత్త శక్తి ప్రవేశించినది. అదే ఇంటర్నెట్, అనగా అంతర్జాలము. దాని వలన మనుషులు దుబారా చేస్తున్నారని పెద్దలు అంటారు. దాని వలన సరుకు చవుకగా దొరుకుతున్నదని యువకులు అంటారు. రెండు మాటలలోను కొంత నిజము కలదు. అయితే మన హాలియా వంటి ప్రాంతమునకు సంబంధించినంత వరకు అసలు ప్రశ్న మరియొకటి అని నా అభిప్రాయము. ఎంత ఖర్చు చేస్తున్నాము అనుదాని కంటె, ఏ కాలమున చెల్లించవలసి వస్తున్నది అనునది మనకు ముఖ్యము. ఈ వ్యాసమున ఆ విషయమును విచారింతము.

మన ప్రాంతపు ఆర్థిక జీవనము కాలువ నీటిపై నిలిచినది. 1955 డిసెంబరు 10వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసినారు. లాల్ బహదూర్ కాలువ అను పేరుగల ఎడమ కాలువ వచ్చిన పిమ్మట జొన్న, సజ్జ పండిన మెట్ట భూములు వరి మడులైనవి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వరుసగా వెలసినవి. సూర్యాపేట ధాన్యపు మార్కెట్టు, కోదాడ వర్తకము పెరిగినవి. ఈ సంపదకు ఒక ప్రత్యేక లక్షణము కలదు. అది నెలనెలా వచ్చెడి సంపద కాదు. వానాకాలపు పంట అమ్మినప్పుడు ఒకసారి, యాసంగి పంట అమ్మినప్పుడు ఒకసారి సొమ్ము చేతికి వస్తుంది. రైతు ఒక్కడే కాదు, అతనిపై ఆధారపడిన హమాలీ, ట్రాక్టరు డ్రైవరు, దర్జీ, మెకానిక్కు, పండ్ల బండివాడు, చిల్లర వర్తకుడు, అందరి రాబడియు ఆ రెండు కాలములనే అనుసరించి పెరుగుతుంది, తరుగుతుంది. సాగరులో నీటిమట్టము పడిపోయి యాసంగికి నీరు రాని సంవత్సరమున ఆ రెండింటిలో ఒకటి పూర్తిగా పోతుంది.

రాబడి ఇట్టిది కాబట్టి ఖర్చు కూడ దానికి తగినట్లుగా అలవాటు పడినది. కిరాణా దుకాణములో ప్రతి ఇంటికి ఒక ఖాతా ఉండెడిది. ఉప్పు, పప్పు, నూనె, సబ్బు ఉద్దెరగా వచ్చెడివి. ధాన్యము అమ్మగానే బాకీ తీర్చెడివారు. బట్టలు, నగలు, ఇంటి మరమ్మతులు, వివాహములు కోతల తరువాతనే. ఈ పద్ధతి స్వర్గతుల్యమని నేను చెప్పబోవుట లేదు. ఉద్దెర సరుకుపై ధర కొంత ఎక్కువ వేసెడివారు, రసీదు ఉండదు, లెక్క దుకాణదారుని పుస్తకములో మాత్రమే ఉండెడిది, చదువురాని వారు మోసపోయిన సందర్భములు అనేకము. అయినను ఆ ఖాతాకు ఒక గుణము ఉండెడిది. పంట ఆలస్యమైనచో బాకీ కూడ ఆలస్యమయ్యెడిది. కాలువ ఏ మాసమున వచ్చునో దుకాణదారునికి తెలియును. ఎందుకనగా అతడును ఆ కాలువ నీటిపైననే బ్రతుకుతున్నాడు.

ఇక అంతర్జాలము ఈ ప్రాంతమునకు ఎట్లు వచ్చినదో చూతము. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఈ సేవను ప్రజలకు అందుబాటులోనికి తెచ్చినది. చాలాకాలము వరకు అది నగరవాసులకు, అందులోను ధనికులకు మాత్రమే పరిమితమైనది. 2007లో బెంగుళూరున ఆరంభమైన ఫ్లిప్‌కార్ట్ అను సంస్థ పుస్తకముల అమ్మకముతో వ్యాపారము మొదలుపెట్టినది. ఆ సంస్థ అందుకొన్న మొట్టమొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుండి వచ్చినది. తమ పట్టణములో దొరకని గ్రంథమును ఒక పాఠకుడు కోరుకొనినారు. భారతదేశమున నేడు ఇంత విస్తరించిన ఈ వ్యాపారపు తొలి అడుగు తెలంగాణలోని ఒక చిన్న పట్టణమున పడినదన్న మాట మనము గుర్తుంచుకొనదగినది. 2010లో సరుకు చేతికి అందిన తరువాత సొమ్ము చెల్లించు పద్ధతి వచ్చినది. కార్డు లేని సామాన్యునికి దానితో తలుపు తెరచుకొన్నది. 2013లో అమెజాన్ మన దేశమున వ్యాపారము ప్రారంభించినది.

కాని గ్రామములకు అంతర్జాలము నిజముగా వచ్చినది 2016లోనే అని చెప్పవలెను. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో యు.పి.ఐ. అను చెల్లింపు పద్ధతి రూపొందినది. సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమై ఇంటర్నెట్ ధర ఒక్కసారిగా పడిపోయినది. నవంబరు 8న పెద్దనోట్ల రద్దు ప్రకటింపబడి చేతిలోని నగదుకు కొరత ఏర్పడినది. మూడు సంఘటనలు ఒకే సంవత్సరమున జరుగుట వలన, పది సంవత్సరములలో జరుగవలసిన మార్పు పది నెలలలో జరిగినది. 2014లో ఒక జి.బి. డేటాకు సగటున సుమారు 269 రూపాయలు కాగా, 2023 నాటికి అది 10 రూపాయలకు లోపు వచ్చినది. 2025 ఆగస్టు మాసమున దేశము మొత్తము మీద యు.పి.ఐ. ద్వారా జరిగిన చెల్లింపుల సంఖ్య రెండు వేల కోట్లు దాటినది. నేడు హాలియా సెంటరులో టీ బండిపైన, పూలబుట్ట ప్రక్కన కూడ ఆ నలుపు తెలుపు చతురస్రపు ముద్ర కనిపిస్తున్నది.

దీని వలన కలిగిన మేలును ముందుగా చెప్పుట న్యాయము. అజ్ఞానము కూడ ఒక ఖర్చే. వస్తువు యొక్క సరియైన ధర తెలియనివాడు, తెలియకపోవుటకు గాను ప్రతిదినము పన్ను చెల్లిస్తున్నట్లే. కేరళలో 1997 నుండి 2001 వరకు సముద్రతీరమున సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు జాలరుల మార్కెట్లలో ఏమి జరిగినదో రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికవేత్త పరిశీలించి 2007లో ప్రచురించినాడు. ఏ రేవులో ధర ఎంత ఉన్నదో పడవలో నుండియే తెలిసికొనుట వలన చేపలు వృథా పోవుట ఆగినది. జాలరుల లాభము సుమారు 8 శాతము పెరిగినది. కొనుగోలుదారులు చెల్లించెడి ధర సుమారు 4 శాతము తగ్గినది. అమ్మువాడు, కొనువాడు ఇరువురును బాగుపడినారు. అది మాట్లాడుకొను ఫోను చేసిన మేలు. ఇంటర్నెట్ దానికి ఎన్నో రెట్లు సమాచారము ఇవ్వగలదు.

మన ప్రాంతమున కూడ మోటారు విడిభాగము కొరకు, పోటీ పరీక్షల పుస్తకము కొరకు హైదరాబాదు బస్సు ఎక్కవలసిన అవసరము తగ్గినది. బస్సు చార్జీ, ఒక దినపు కూలి మిగులుతున్నవి. ఒక విశేషము మన ముస్లిం కుటుంబములకు ప్రత్యేకముగా వర్తిస్తుంది. పరదా పాటించు స్త్రీలు అనేకులు తమ బట్టలను కూడ తాము ఎంచుకొనలేక, మగవారు తెచ్చినదే ధరించెడివారు. నేడు ఆమె ఇంటిలో కూర్చుండి పది రకములు చూచి, తనకు నచ్చినది తాను కోరుకొంటున్నది. కొందరు గృహిణులు వాట్సాప్ ద్వారా చీరలు, డ్రెస్సు గుడ్డలు అమ్మి సంపాదిస్తున్నారు. ఇది చిన్న విషయము కాదు. కొనుగోలులో స్వేచ్ఛ అనునది గౌరవములో ఒక భాగము. ఈ లాభములను చూడక, సెల్‌ఫోనును దూషించుటతో తృప్తిపడు పెద్దల వాదము అసంపూర్ణమైనది.

ఇక రెండవ ప్రక్కను చూతము. మొట్టమొదట, అంతర్జాలమే ఒక ఖర్చు. ఇరువది సంవత్సరముల క్రిందట ఏ ఇంటి పద్దులోను లేని అంశమిది. నలుగురున్న ఇంట నాలుగు ఫోనులు ఉన్నవనుకొందము. ఒక్కొక్క దానికి 28 దినములకు సుమారు 300 రూపాయల రీచార్జి అనుకొందము. నెల అనగా 28 దినములు కాబట్టి సంవత్సరమునకు పన్నెండు మారులు కాదు, పదమూడు మారులు చెల్లించవలెను. నాలుగు ఫోనులకు కలిపి ఏటా 15,600 రూపాయలు. 2025 జనవరిలో రైతు భరోసా క్రింద ప్రభుత్వము ఎకరమునకు ఏటా ప్రకటించిన సాయము 12,000 రూపాయలు. అనగా ఒక ఎకరము పేర వచ్చిన సాయము కంటె నాలుగు ఫోనుల రీచార్జి ఎక్కువ. మరియొక విధముగా చెప్పవలెనన్న, 2025–26లో ఏ గ్రేడు ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ ఇంటివారు ప్రతి సంవత్సరము ఆరున్నర క్వింటాళ్ల ధాన్యమును మాటలకు, బొమ్మలకు సమర్పిస్తున్నారన్నమాట. ఆ ఫోను వలన పిల్లవాడు చదువుకొనుచో, రైతు ధర తెలిసికొనుచో, ఆ ఆరున్నర క్వింటాళ్లు వృథా కాలేదు. కాని ఆ లెక్క ఒకసారి వేసి చూచుకొన్న ఇండ్లు ఎన్ని?

రెండవది, చెల్లించుటలోని బాధ తగ్గుట. చొక్కా జేబులో నుండి అయిదు వందల నోటు తీసి ఇచ్చునప్పుడు మనస్సునకు కలుగు చిన్న నొప్పి మంచి కాపలాదారు వంటిది. 2001లో డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అను అమెరికా ఆచార్యులు ఒక ప్రయోగము ప్రచురించినారు. ఆటల పోటీ టిక్కెట్లను వేలము వేసి, కొందరిని నగదుతోను, కొందరిని క్రెడిట్ కార్డుతోను చెల్లించుమనినారు. అవే టిక్కెట్లకు కార్డువారు నగదువారి కంటె చాల హెచ్చుగా, కొన్నింటికి ఇంచుమించు రెట్టింపు, పాట పాడినారు. యు.పి.ఐ.లో సొమ్ము వెంటనే పోతుంది కాబట్టి అది అప్పు కార్డు వంటిది కాదు. అయినను నోటు చేతిని విడుచుట కంటికి కనిపించదు. సాయంత్రము వరకు ముప్పది, నలుబది, అరువది రూపాయల చొప్పున పోయినది ఎంతో గుర్తుండదు. విచిత్రమేమనగా, ప్రతి పైసాకు లెక్క వ్రాసిపెట్టు యంత్రము మన చేతిలోనే ఉన్నది. చెల్లింపుల చరిత్ర అంతయు అందులో నిక్షిప్తమై ఉంటుంది. పూర్వము లెక్క వ్రాయవలసి ఉండెడిది, ఇప్పుడు చదివిన చాలును. మనము చదువుట లేదు.

మూడవది, పోలిక. 1949లో జేమ్స్ డ్యూసెన్‌బెరీ అను ఆర్థికవేత్త ఒక సిద్ధాంతము చెప్పినాడు. మనుష్యుడు తన ఆదాయమును బట్టి మాత్రమే ఖర్చు చేయడు, తన చుట్టునున్న వారి ఖర్చును బట్టి కూడ చేస్తాడని దాని సారాంశము. ఆనాడు చుట్టునున్నవారు అనగా వాడకట్టులోని ఇరువది ఇండ్లు. వారిలో కొందరు కలవారు, కొందరు లేనివారు. కలిగినవానిని చూచి కోరిక పుట్టినను, లేనివానిని చూచి తృప్తి కలిగెడిది. నేడు మన యువకుని కంటి ముందు ఉన్నది వాడకట్టు కాదు. దుబాయిలోని బంధువు కారు, హైదరాబాదులోని వివాహ మండపము, ఎవరో తెలియని వారి సెలవుల యాత్ర. లేనివాడు తన లేమిని చిత్రము తీసి ప్రదర్శించడు. కాబట్టి తెరపై కనిపించు ప్రపంచమున అందరును కలవారే. ఈ పోలికలో గెలుచుట ఎవరి తరమును కాదు. నిఖా, వలీమాల ఖర్చు, ఇచ్చి పుచ్చుకొను వస్తువుల జాబితా సంవత్సరము సంవత్సరమునకు పెరుగుటలో ఈ తెర యొక్క పాత్ర తక్కువది కాదు. జహేజ్ అడుగుట తప్పని మసీదులో విన్నవారే, ఇంటికి వచ్చి ఫోనులో చూచిన మంచము, ఫ్రిజ్ పేర్లు చెప్పి అడుగుతున్నారు.

నాల్గవది, సంచి యొక్క యజమాని మారుట. పూర్వము ఇంటి సొమ్ము ఒకరి చేతిలో ఉండెడిది. చిన్నవారు అడిగినచో పెద్దవారు సరే అనుటకో, కాదనుటకో అవకాశము ఉండెడిది. నేడు ప్రతివారి జేబులోను ఒక దుకాణము, ఒక బ్యాంకు ఉన్నవి. తండ్రి పెత్తనము తగ్గుట కొంతవరకు మంచిదే. కాని సంప్రదింపు కూడ దానితో పాటు పోయినది. పార్సెలు గుమ్మములో దిగిన తరువాతనే తల్లికి విషయము తెలుస్తున్నది.

ఇప్పుడు నేను మొదట చెప్పిన ముఖ్య విషయమునకు వద్దము. అంతర్జాలము అమ్మకములతో పాటు అప్పును కూడ తెచ్చినది. పద్దెనిమిది వేల రూపాయల ఫోను, నెలకు 1,500 చొప్పున పన్నెండు వాయిదాలు, వడ్డీ లేదు అని ప్రకటన. నెలజీతము వచ్చు ఉద్యోగికి ఇది సదుపాయమే. అదే ఏర్పాటును మన కాలువ క్రింది కుటుంబమునకు వర్తింపజేసి చూడుడు. ధాన్యము సొమ్ము వచ్చిన రెండు నెలలు వాయిదా సులభముగా పోతుంది. మూడవ నెల నుండి చేతిలో సొమ్ము ఉండదు. వాయిదా మాత్రము తేదీ తప్పక వస్తుంది. ఖాతాలో నిలువ లేనిచో జరిమానా పడుతుంది, మరల అప్పు దొరకదను భయము కలుగుతుంది. అప్పుడు ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయలకో, మూడు రూపాయలకో చేబదులు తెచ్చి వాయిదా కడతారు. నూటికి నెలకు రెండు రూపాయలు అనగా సంవత్సరమునకు 24 శాతము. మూడు రూపాయలైన 36 శాతము. ఈ విధముగా వడ్డీలేని ఫోను వడ్డీ ఫోను అవుతున్నది. ఆ వడ్డీ కంపెనీ లెక్కలో కనిపించదు, బ్యాంకు లెక్కలో కనిపించదు. ఆ ఇంటి తల్లి కంటిలో మాత్రమే కనిపిస్తుంది.

నగరపు జీతగాని క్యాలెండరును రైతు ప్రాంతమునకు తగిలించుటయే దీనికి మూలము. కిరాణా ఖాతాకు కాలువ తెలియును, సెల్‌ఫోను వాయిదాకు తెలియదు. నీరు రాని యాసంగి అయినను, హమాలీకి పనిలేని నెల అయినను, దానికి అయిదవ తేదీ అయిదవ తేదీయే.

దీని కంటె ఘోరమైనవి అప్పు యాప్‌లు. 2020లో కరోనా కాలమున ఉపాధి పోయినవారు అనేకులు నిముషములలో అప్పు ఇచ్చు యాప్‌లను ఆశ్రయించినారు. తీర్చుట ఆలస్యమైనచో, ఫోనులోని బంధుమిత్రుల నంబర్లన్నియు తీసికొని వారందరికి అవమానకరమైన సందేశములు పంపినారు. ఆ వేధింపులు భరించలేక ఆ సంవత్సరము చివర తెలంగాణలో కొందరు ప్రాణములు తీసికొన్నారు. పోలీసులు కేసులు నమోదు చేసి పలువురిని అరెస్టు చేసినారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శక సూత్రములు జారీ చేసినది. అప్పు సొమ్ము నేరుగా ఋణగ్రహీత ఖాతాలోనికే రావలెను, మొత్తము సంవత్సరపు వడ్డీ రేటు ముందుగా తెలుపవలెను, ఫోనులోని పరిచయస్థుల జాబితాను తాకరాదు అని వాటి సారాంశము. ఇక పందెపు ఆటల సంగతి. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రము 2017లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించు చట్టము చేసినది. చట్టము మంచిదే. కాని చట్టము వచ్చులోపల పోయిన పొలములు, నగలు తిరిగి రావు.

ఈ సందర్భమున ఒక ఆక్షేపణ రావచ్చును. ఖర్చు పెరుగుట అభివృద్ధి లక్షణము కాదా అని అడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనది. 1857లోనే ఎర్నెస్ట్ ఎంగెల్ అను జర్మను గణాంక శాస్త్రజ్ఞుడు, ఆదాయము పెరిగిన కొలది అందులో తిండికి పోవు భాగము తగ్గుతుందని చెప్పినాడు. మన దేశపు గ్రామీణ కుటుంబముల ఖర్చులో ఆహారము వాటా 1999–2000లో 59.4 శాతము కాగా, 2022–23 సర్వేలో 46.38 శాతమునకు తగ్గినది. అదే సర్వేలో గ్రామీణ ప్రాంతమున తలసరి నెలసరి వ్యయము దేశమున 3,773 రూపాయలు, తెలంగాణలో 4,802 రూపాయలు. పట్టణములలో దేశపు సగటు 6,459 రూపాయలు, తెలంగాణ సగటు 8,158 రూపాయలు. మన రాష్ట్రము దేశము కంటె ముందున్నది. తిండి తరువాత బట్ట, చదువు, ప్రయాణము, ఫోను, ఇవన్నియు కోరుకొనుట మనుష్యుని హక్కు. పేదవాడు ఫోను కొన్నప్పుడు మాత్రమే దుబారా అనుట ధనికుల అహంకారము. అట్లే 2022–23లో దేశమున కుటుంబముల నికర ఆర్థిక పొదుపు జాతీయాదాయములో సుమారు 5 శాతమునకు పడిపోయినది. ఇండ్లకు, వాహనములకు తీసికొన్న అప్పులు కూడ దీనికి కారణములు. ఆ దోషమంతయు సెల్‌ఫోనుపై మోపుట సరికాదు.

కాని పై అంకెలు అన్నియు సగటులు. సగటున ప్రతి నెలయు ఒకే విధముగా ఉంటుంది. మన ప్రాంతపు ఇంటిలో ఏ రెండు నెలలును ఒకే విధముగా ఉండవు. సంవత్సరాదాయమునకు తగిన ఖర్చు కూడ, నెలలకు సరిపడనిచో, కుటుంబమును అప్పులోనికి దింపగలదు. ఆక్షేపణకు నా సమాధానము ఇదియే. కోరిక తప్పు కాదు, కాలము తప్పినది.

మరియొక మాట. హాలియా, మిర్యాలగూడ బజారులలోని దర్జీలు, చెప్పుల దుకాణములవారు, పాత్రల వర్తకులు, వీరిలో ఎందరో మన వారే. రంజాను మాసపు చివరి పది దినములలో ఒకనాడు ఊపిరి సలుపని పని ఉండెడి కుట్టుమిషను ఎదుట నేడు తయారు దుస్తుల పార్సెళ్లు సాగిపోతున్నవి. ఆ పార్సెళ్లు మోయుటలో మన యువకులకు కొంత ఉపాధి దొరికిన మాట నిజమే. కాని పెట్రోలు, బండి అరుగుదల తీసివేసిన తరువాత మిగులునది స్వల్పము, రేపటికి భరోసా లేదు. స్థానిక వర్తకునికి ఇచ్చిన రూపాయి మరల ఈ ఊరిలోనే పాలవానికి, బడి ఫీజుకు, మసీదు చందాకు, బోనాల చందాకు తిరుగుతుంది. అయితే వర్తకులు కూడ ఆత్మవిమర్శ చేసికొనవలెను. ధర చెప్పక బేరమునకు దిగుట, రసీదు ఇవ్వకుండుట, అమ్మిన సరుకు తిరిగి తీసికొనమని బల్లపై వ్రాసి పెట్టుకొనుట, ఇవి మానవలెను. కొనుగోలుదారుని గౌరవించినవాని వద్దకే కొనుగోలుదారుడు వస్తాడు. కేవలము అభిమానముతో ఎవరును హెచ్చు ధర చెల్లించరు, చెల్లింపుమని అడుగుట న్యాయమును కాదు.

ఇక కర్తవ్యమేమి? మొదటిది, మన ప్రాంతమునకు తగిన ఒక నియమము. నెలనెలా రాబడి లేనివాడు నెలనెలా వాయిదా ఒప్పుకొనరాదు. పంట వచ్చినప్పుడు కొనవలెను, లేదా వచ్చు పంట వరకు ఆగవలెను. రెండవది, బ్యాంకులు, ఋణసంస్థలు పంటరుణమునకు పంట కాలమును చూచినట్లే, మన ప్రాంతమున గృహవస్తువుల అప్పుకు కూడ సంవత్సరమునకు రెండు వాయిదాల పద్ధతి పెట్టవలెను. ఇది దానము కాదు, తెలివైన వ్యాపారము. తీర్చగల కాలమున అడిగిన బాకీయే వసూలవుతుంది. మూడవది, ప్రతి ఇంటను నెలకొకసారి ఫోనులోని చెల్లింపుల చరిత్రను కుటుంబమంతయు కలిసి చదువవలెను. మహిళా సంఘములలో నెలనెలా పొదుపు వ్రాయు మన అక్కచెల్లెండ్రకు లెక్క క్రొత్త కాదు. ఆ సంఘపు క్రమశిక్షణను ఇంటిలోనికి తెచ్చిన చాలును.

నాల్గవది, చట్టము తెలిసికొనుట. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై నుండి అమలులో ఉన్నది. దాని క్రింద ఆన్‌లైన్ వర్తకమునకు ప్రత్యేక నియమములు కలవు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకముల మోసపు ఎత్తుగడలను నిషేధించినది. ఇంకను రెండే మిగిలినవి అని లేని తొందర పెట్టుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట, చివరి క్షణమున ధర పెంచుట, చందాలో చేరుట సులభము చేసి వైదొలగుట కష్టము చేయుట అందులోనివి. ఫిర్యాదుకు 1915, సైబరు మోసమునకు 1930 అను నంబర్లు కలవు. సినిమా డైలాగులు కంఠస్థము చేయు మనకు ఈ రెండు సంఖ్యలు కంఠస్థము కాకపోవునా?

విద్యార్థి సోదర సోదరీమణులకు ఒక విన్నపము. మీ ఇంటిలో ఆంగ్లము చదువగలవారు, ఫోనులోని చిన్న అక్షరములు చదువగలవారు మీరే కావచ్చును. తాత ఖాతాను దుకాణదారుడు వ్రాసినాడు. తాత చదువలేకపోయినాడు. నేటి ఒప్పందమును ఏదో నగరములోని యంత్రము వ్రాస్తున్నది. దానిని మీరును చదువకుండ ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కినచో, మన ఇంటి మూడు తరముల చదువు దేనికి వచ్చినట్లు? ఇస్లాములో అనవసర వ్యయమును ఇస్రాఫ్ అని నిషేధించినారు. వడ్డీని నిషేధించినారు. అవసరమున ఉన్నవానికి వడ్డీలేని అప్పు, కర్జె హసనా, పుణ్యకార్యమని చెప్పినారు. ఉర్దూలోని కిఫాయత్, తెలుగులోని పొదుపు ఒకే గుణమునకు రెండు పేర్లు. పిసినారితనము వేరు, పొదుపు వేరు. పిసినారి సొమ్మును ప్రేమిస్తాడు, పొదుపరి తన స్వేచ్ఛను ప్రేమిస్తాడు.

అంతర్జాలము తిరిగి పోవునది కాదు, పోవలెనని కోరుకొనుట కూడ అవివేకము. ఎడమ కాలువ వచ్చినప్పుడు కూడ కొందరు రైతులు నీరు ఎక్కువ పెట్టి భూములను చవుడు చేసికొన్నారు. నీటిని తిట్టిన లాభము లేదు. తూము ఎప్పుడు తెరువవలెనో, ఎప్పుడు మూయవలెనో నేర్చుకొన్నవారు పంట తీసినారు. నేడు మన ఇంటి ఖర్చుకు కూడ ఒక తూము కావలెను. దాని తాళపుచెవి కుటుంబము చేతిలోనే ఉండవలెను.